బెజవాడ ఆటోనగర్‌లో చేయించిన ఆరున్నర అడుగుల వింగ్ ఫాయిల్ బోర్డ్, కృష్ణా గాలికి ఎలా ఉందంటే

ముందు కొలతలు చెప్పేస్తా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పొడుగు 6 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 21 అంగుళాలు, మధ్యలో మందం 5 అంగుళాలు, వాల్యూమ్ దగ్గర దగ్గర 100 లీటర్లు, బరువు 8 కిలోలు. నేను 78 కిలోలు. ఇంతకుముందు వాడింది ఫారిన్ బ్రాండ్ బోర్డ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, 5 అడుగుల 2 అంగుళాల పొడుగు, 27 అంగుళాల వెడల్పు, 105 లీటర్లు. అంటే మనిషిని తేల్చే విషయంలో రెండూ ఒకటే, పాతదే కాస్త ఎక్కువ కూడా. అయినా అదే ఫాయిల్, అదే 6 చదరపు మీటర్ల వింగ్, అదే నది, పాత బోర్డ్ మీద గంటసేపు చేతులు నొప్పెట్టేలా ఊపినా లేవని గాలిలో ఇది లేస్తోంది. అందుకే ఈ రివ్యూ.

వింగ్ ఫాయిల్ తెలీనోళ్ళకి రెండు ముక్కలు. బోర్డ్ అడుగున ఒక స్తంభం ఉంటది, మాస్ట్ అంటారు, నాది 85 సెంటీమీటర్లు, దాని చివర నీళ్ళలో ఒక రెక్క (ఫ్రంట్ వింగ్), వెనకాల ఇంకో చిన్న రెక్క, ఇదంతా కలిపితే ఫాయిల్. చేతిలో గాలి కొట్టిన వింగ్ పట్టుకుని నిలబడతాం. స్పీడ్ రాగానే నీళ్ళలో ఉన్న రెక్క మొత్తాన్ని పైకి లేపుతుంది, బోర్డ్ నీళ్ళకి తగలకుండా పోతది. ఒకసారి లేచాక, మలుపులు తప్పితే, బోర్డ్ ఏ షేప్‌లో ఉన్నా పెద్ద తేడా లేదు, గాల్లో ఉంటది కాబట్టి. అసలు కష్టమంతా లేచేదాకానే. పొడుగు బోర్డుల గోలంతా ఆ పది పదిహేను సెకన్ల గురించే.

మన దగ్గర గాలి సంగతి తెలిసిందే కదా. రామేశ్వరం వైపు లాగా రోజంతా ఒకే తీరున వీచే గాలి కాదు ఇక్కడిది. ఎండాకాలం సాయంత్రాలు సముద్రం వైపు నుంచి దక్షిణం గాలి లోపలికి వస్తది, ప్రకాశం బ్యారేజీ పైన నీళ్ళు నిండుగా ఉంటే భవానీ ఐలాండ్ ముందు ఆ వెడల్పులో బానే దొరుకుతుంది, కానీ అవతల ఉండవల్లి, సీతానగరం కొండలు ఉన్నాయి చూడండి, వాటి చాటుకి వెళ్తే గాలి ముక్కలు ముక్కలుగా వస్తది. ఒక విసురు వస్తది, ఆరేడు సెకన్లు, తర్వాత ఏమీ లేదు, మళ్ళీ ఇంకోటి. జూన్ తర్వాత పడమటి గాలి ఇంకాస్త బలంగా ఉంటది గానీ అది కూడా అంతే, విసుర్లు విసుర్లుగానే. యావరేజ్‌గా 10-12 నాట్లు అంటే సంతోషం, అంటే గంటకి 18-22 కిలోమీటర్లు.

ఇప్పుడు లెక్క చూడండి. నాకు, బోర్డుకి, ఫాయిల్‌కి, వింగ్‌కి కలిపి 95 కిలోల దాకా అవుతాయి. 1200 చదరపు సెంటీమీటర్ల ఫ్రంట్ వింగ్ ఆ బరువుని లేపాలంటే గంటకి 14-15 కిలోమీటర్ల స్పీడ్ కావాలి. కానీ ఏ బోర్డ్ అయినా నీళ్ళని తోసుకుంటూ పోయినంతసేపు దాని పొడుగుని బట్టి ఒక స్పీడ్ దగ్గర గోడ తగిలినట్టు ఆగుద్ది. పడవలు చేసేవాళ్ళ దగ్గర పాత సూత్రం ఒకటి ఉంది, నీళ్ళలో ఉన్న పొడుగుని అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో ఆ స్పీడ్ వస్తది. 5 అడుగులకి 3 నాట్లు, ఆరున్నర అడుగులకి 3.4 నాట్లు. ఇంతేనా తేడా అనిపిస్తది, నాకూ అనిపించింది. కానీ అసలు తేడా ఆ అంకెలో లేదు, ఆ స్పీడ్ దాటేటప్పుడు ఎంత తొయ్యాలి అన్నదాంట్లో ఉంది. పొట్టిగా వెడల్పుగా ఉన్న బోర్డ్ ముందు అల పెద్దగా లేస్తది, దాన్ని ఎక్కి దాటాలి. సన్నగా పొడుగ్గా ఉన్నదాని ముందు ఆ అల చిన్నది, కొన్నిసార్లు దాటినట్టే తెలీదు. పాత బోర్డ్ పొడుగుని వెడల్పుతో భాగిస్తే 2.3, కొత్తది 3.7. కృష్ణలో చేపలు పట్టేవాళ్ళ పుట్టిని, నాటు పడవని పక్కపక్కన చూసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు, పుట్టి ఎంత బరువైనా మోస్తది, ఎవడు ఎక్కినా తిరగబడదు, కానీ దాంతో తొందరగా ఎక్కడికీ వెళ్ళలేం.

నీళ్ళ మీద ఎలా తెలుస్తుందంటే, పాతదాని మీద నిలబడి వింగ్ లాగితే ముక్కు ముందు తెల్లగా నురగ పోగుపడేది, బోర్డ్ దాన్ని తోస్తూ అక్కడే కూర్చునేది, విసురు అయిపోయేలోపు చేతులతో వింగ్‌ని పంప్ చేసి (గబగబా ఊపి), కాళ్ళతో బోర్డ్‌ని కుదిపి, ఒక్కోసారి లేచేది, చాలాసార్లు లేచేది కాదు, విసురు పోగానే స్పీడ్ మొత్తం పోయి మళ్ళీ సున్నా నుంచి మొదలు. కొత్తదానికి ముందు నురగ లేదు. తోక వెనకాల రెండు సన్నటి గీతలు వస్తాయి అంతే. ముఖ్యమైన సంగతి ఏంటంటే విసురుకీ విసురుకీ మధ్య అది ఆగదు, జారుతూనే ఉంటది, కాబట్టి రెండో విసురు వచ్చేటప్పటికి మనం సగం స్పీడ్‌లో ఉన్నాం, అప్పుడు రెండు పంపులు కొడితే చాలు, అడుగున టపటపమని కొట్టుకునే నీళ్ళ చప్పుడు ఒక్కసారి ఆగిపోద్ది, లేచాం అన్నమాట. మన నది లాంటి చోట పొడుగు వల్ల లాభం టాప్ స్పీడ్ కాదు, ఈ జారుడు. ఇది ఫారిన్ రివ్యూల్లో ఎవరూ సరిగ్గా చెప్పరు ఎందుకంటే వాళ్ళకి గాలి ఆగదు.

సన్నగా ఉంటే పడిపోమా అని అందరూ అడుగుతారు. పడతాం. మొదట్లో బాగానే పడతాం. అయితే 21 అంగుళాలు అనగానే భయపడక్కర్లేదు, రెండు విషయాలు కాపాడతాయి. ఒకటి, కింద 85 సెంటీమీటర్ల లోతులో రెక్క ఉంది, అది పక్కకి ఊగడాన్ని బాగా నెమ్మది చేస్తది, ఫాయిల్ లేకుండా అదే బోర్డ్ మీద నిలబడి చూడండి, తేడా తెలుస్తది. రెండు, వెడల్పు ఎక్కడ పెట్టారన్నది. నేను అంచులు రెండూ మధ్యలో దాదాపు మూడడుగుల దాకా సమాంతరంగా ఉంచమన్నా, అంటే కాళ్ళు పెట్టే చోట మొత్తం 21 అంగుళాలూ ఉంటది, సన్నబడేదంతా ముక్కు దగ్గర. ఆకు షేప్‌లో, ఒక్క చోట మాత్రమే 21 ఉండి అక్కడి నుంచి తగ్గిపోయే బోర్డ్ అయితే కాగితం మీద ఇదే కొలత గానీ నిలబడితే 19లాగే ఉంటది. బ్రాండ్ బోర్డ్ కొనేవాళ్ళు కూడా స్పెక్ షీట్‌లో వెడల్పు అంకె చూసి ఆగకండి, పైనుంచి తీసిన ఫోటో చూడండి. ఇంకోటి, పొడుగు బోర్డ్ పక్కలకి ఊగుద్ది కానీ ముందుకీ వెనక్కీ అస్సలు ఊగదు. పాతదాని మీద కాలు రెండంగుళాలు వెనక్కి పడితే తోక మునిగేది. దీనిమీద ఆ బాధ పోయింది. అంటే ఒక దిక్కున కష్టం ఇచ్చి ఇంకో దిక్కున తీసేసింది.

ఇలా సన్నగా పొడుగ్గా చేయడం ఎక్కడ మొదలైందంటే హవాయిలో, మౌయి దీవిలో, సముద్రపు అలల మీద తెడ్డుతో లేచి గాలి వాటున మైళ్ళకి మైళ్ళు పోయే డౌన్‌విండ్ ఫాయిలింగ్‌లో. వింగ్ కూడా లేకుండా ఒట్టి తెడ్డుతో లేవాలి కాబట్టి వాళ్ళకి బోర్డ్ జారడం తప్ప గతి లేదు. డేవ్ కలామా అనే ఆయన బారకుడా బోర్డ్ లాంటివి వచ్చాక 8 అడుగుల బోర్డులు మామూలైపోయాయి, అక్కడి నుంచి వింగ్ వాళ్ళు ఆ ఐడియా తీసుకుని కాస్త పొట్టి చేసి మిడ్‌లెంగ్త్ అని పెట్టారు. ఇప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర్నుంచి ప్రతి పెద్ద కంపెనీకీ ఒక మిడ్‌లెంగ్త్ ఉంది. ఇది చదివి నేరుగా 8 అడుగులు, 18 అంగుళాల డౌన్‌విండ్ బోర్డే కొనేద్దాం అనుకునేవాళ్ళకి నా మాట, వద్దు. పొడుగు బై వెడల్పు 5 దాటుద్ది, నిజంగా ఇంకా ముందే లేస్తది, కాదనను. కానీ లేచాక ముందు మూడడుగుల ముక్కు వేలాడుతూ ఉంటది, మలుపు తిప్పేటప్పుడు ఆ బరువు మొత్తం తిప్పాలి, మన నదిలో భవానీ ఐలాండ్‌కి పోయే టూరిస్ట్ బోట్లు, వలలు, గుర్రపుడెక్క, వీటన్నిటి మధ్య టక్కున తిరగాల్సిన అవసరం రోజూ వస్తది. నా లెక్కలో మనకి ఆరుంపావు నుంచి ఏడడుగుల లోపు, 20 నుంచి 22 అంగుళాలు. అంతకుమించి పోతే గాలి లేని రోజు లాభం, ఉన్న రోజు శిక్ష.

ఇక చేయించడం గురించి. ఆటోనగర్‌లో బస్సుల ఫైబర్ పార్టులు చేసే ఒక షెడ్డు. పేరు రాయొద్దన్నాడు మేస్త్రీ, ఆయన మామూలు పనికే టైమ్ చాలట్లేదు, ఇవి చేయమని జనం వస్తే కష్టం అని. డ్రాయింగ్ చూపించగానే ఆయన మొదటి ప్రశ్న, "ఇదేంటండీ, తలుపు చెక్కా?" రెండో ప్రశ్న చాలా మంచి ప్రశ్న, "లోపల థర్మాకోలా? మరి రెసిన్ పోస్తే కరిగిపోద్దిగా". మాటలతో కాదని ఒక ముక్క తీసి దానిమీద రోజూ బంపర్లకి వాడే పాలియెస్టర్ రెసిన్ చెంచాడు పోశాడు. చూస్తుండగానే నురగలా చప్పబడి గుంట పడింది. దాంట్లో ఉండే స్టైరీన్ థర్మాకోల్‌ని తినేస్తది. పక్కన ఇంకో ముక్క మీద ఎపాక్సీ పోశాడు, అది అలాగే ఉంది. ఎవరైనా ఇలాంటిది చేయించుకుంటే ఆ ఒక్క విషయం రాసి పెట్టుకోండి, ఎపాక్సీ మాత్రమే. ఖర్చు ఎక్కువే, వేరే దారి లేదు.

థర్మాకోల్ అంటే ప్యాకింగ్‌ది కాదు, ఘనపు మీటరుకి 20 కిలోల సాంద్రత ఉన్న ఈపీఎస్ బ్లాక్. వేడి తీగతో కోసి, ఇసుక కాగితంతో రుద్ది షేప్ తెచ్చారు. డిజైన్‌లో నేను పట్టు పట్టినవి మూడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫాయిల్ ఎక్కడ బిగించాలి అన్నది. పొడుగు బోర్డ్ అంటే చాలామంది పాత బోర్డుకి ముక్కు సాగదీస్తే సరిపోద్ది అనుకుంటారు. అలా చేస్తే తేలే శక్తి మొత్తం ముందుకి పోద్ది, మనం నిలబడేది ఫాయిల్ పైన కాబట్టి వెనకే ఉంటాం, తోక మునిగి ముక్కు ఆకాశం చూస్తది. మనిషి, ఫ్రంట్ వింగ్, బోర్డ్ వాల్యూమ్ మధ్యబిందువు, ఈ మూడూ ఒకదాని కింద ఒకటి ఉండాలి. ఆ మధ్యబిందువు కనుక్కోవడం ఎలా అని నేను కంప్యూటర్‌లో కుస్తీ పడుతుంటే మేస్త్రీ ఫోమ్‌ని ఒక పైపు మీద అడ్డంగా పెట్టి అటూ ఇటూ జరిపి ఆగిన చోట గీత గీశాడు. ఫోమ్ అంతా ఒకే సాంద్రత కాబట్టి బరువు సమానమైన చోటే వాల్యూమ్ సమానమైన చోటు. ఫైబర్ వెయ్యకముందే చేయాలి ఈ పని. ఫ్రంట్ వింగ్ మాస్ట్‌కి ముందు ఉంటది కదా, ఆ దూరం వెనక్కి కొలిచి ట్రాకులు (మాస్ట్ బిగించే గాడి పట్టాలు) పెట్టాం, రెండు ట్రాకుల మధ్య 90 మిల్లీమీటర్లు, దాదాపు అన్ని కంపెనీల మాస్ట్ ప్లేట్‌కీ సరిపోయేది అదే, ఎం8 బోల్టులు. ట్రాకులు పొడుగ్గానే పెట్టించా, ఒకవేళ ముందుకీ వెనక్కీ జరుపుకోవాలంటే జాగా ఉండాలని. ట్రాకుల చుట్టూ గట్టి పీవీసీ ఫోమ్ దిమ్మ, దాన్ని పైన డెక్‌కీ కింద అడుక్కీ కలిపి గ్లాస్ వేశారు, ఇది లేకపోతే మనం దూకే ప్రతిసారీ మాస్ట్ మెత్తటి థర్మాకోల్‌ని నలిపేసి కొన్నాళ్ళకి ట్రాకులు ఊడొస్తాయి.

రెండోది తోక. వాల్యూమ్ మధ్యకి ఫాయిల్ రావాలంటే వెనక తోక కాస్త పొడుగు మిగులుద్ది, లేచేటప్పుడు బోర్డ్ ముక్కు ఎత్తగానే ఆ తోక నీళ్ళకి తగిలి వెనక్కి లాగుద్ది. అందుకని చివరి ఒకటిన్నర అడుగుల పొడుగున బోర్డ్ కింది భాగాన్ని పైకి వాలుగా కోయించా. ఆ వాలు మొదలయ్యే చోట అంచు పదునుగా ఉండాలి, గుండ్రంగా రుద్దితే నీళ్ళు అంటుకుని పైకి పాకుతాయి, వదలవు. ఇక్కడ మేస్త్రీకి నాకూ చిన్న గొడవ అయింది, ఆయన చేతికి ప్రతి అంచునీ నున్నగా రుద్దడం అలవాటు. చివరికి పదునుగానే ఉంచాడు గానీ "ఫినిషింగ్ బాలేదని నన్ననొద్దు" అన్నాడు.

మూడోది అడుగు అంచుల్ని ఏటవాలుగా కోయడం. దీనివల్ల పక్కకి వాలినా నీళ్ళకి తగిలితే జారి బయటికొస్తది, గుచ్చుకోదు. బానే పనిచేస్తోంది.

ఎండ గురించి చెప్పకపోతే బెజవాడ రివ్యూ కాదు. థర్మాకోల్‌లో గాలి ఉంటది, వేడికి ఉబ్బుద్ది, పోయే దారి లేకపోతే ఫైబర్ పొరని లోపల్నుంచి నెట్టి బుడగ తెప్పిస్తది. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరు మనది. డెక్ మీద ఒక వెంట్ స్క్రూ పెట్టించా, బయట ఉన్నప్పుడు వదులు చేయాలి, నీళ్ళలోకి దిగేముందు బిగించాలి. మామూలు వేడికి ఆరిన ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గర్నుంచి మెత్తబడటం మొదలెడుతుంది, నల్ల బోర్డ్ కారు మీద ఎండలో ఆ వేడికి చేరడం పెద్ద పనేం కాదు. కాబట్టి నల్లటి కార్బన్ లుక్ ఫోటోల్లో ఎంత బావున్నా మనకి తెల్లరంగే. నాది ఆర్టీసీ బస్సు పైకప్పు కంటే సాదాగా ఉంటది, పర్లేదు.

బాలేనివి. బరువు మొదటిది, 8 కిలోలు, ఇదే సైజు కంపెనీ కార్బన్ బోర్డులు దీనికంటే తేలిక. లేచేటప్పుడు పెద్దగా తెలీదు కానీ మలుపుల్లో ముక్కు బరువు తెలుస్తది, జైబ్ (గాలిని వెనక పెట్టుకుని తిరగడం) కొట్టేటప్పుడు అర క్షణం ముందే మొదలెట్టాలి. డెక్ మీద పెయింట్ ఒక పక్క అలలు అలలుగా వచ్చింది, బస్సు బంపర్‌కి చల్తా, దీనికి డబ్బులిచ్చి చూస్తే కొంచెం బాధ. కాలు దూర్చే పట్టీ, అదే ఫుట్‌స్ట్రాప్, బిగించే ఇన్సర్ట్ ఒకటి వంకరగా కూర్చుంది, స్ట్రాప్ బిగించాలంటే ఇంట్లో అందరూ ఒక చెయ్యి వెయ్యాలి. చెప్పిన టైమ్‌కి ఇవ్వలేదు, అది ఆటోనగర్‌లో ఎవరూ ఇవ్వరు లెండి. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పట్టదు, మెట్లే గతి, మలుపు మలుపుకీ ముక్కు గోడకి కొట్టుకోకుండా చూసుకోవాలి. గుర్రపుడెక్క విషయంలో ఏ బోర్డూ ఏం చేయలేదు, వేళ్ళు మాస్ట్‌కి చుట్టుకుంటే ఆరడుగులైనా ఎనిమిదడుగులైనా ఆగి దిగి తీసుకోవాల్సిందే. నీళ్ళు తగ్గినప్పుడు ఇసుక మేటలు కూడా చూసుకోండి, మాస్ట్ మీటరు దగ్గర లోతు అడుగుద్ది.

బాపట్ల సూర్యలంకకి కూడా తీసుకెళ్ళా. ఒడ్డున అలలు విరిగే చోట దాటడానికి పొడుగు బోర్డ్ తలనొప్పి, అల అడ్డంగా కొడితే చేతిలోంచి లాక్కుపోద్ది, ముక్కు అలకి ఎదురుగా పెట్టి తోసుకుంటూ పోవాలి. దాటాక మాత్రం చిన్న చిన్న అలల్ని కోసుకుంటూ పోతది, పాతది ప్రతి అలకీ ఆగి ఎక్కేది. సముద్రం మాత్రమే వాడేవాళ్ళైతే, గాలి ఎప్పుడూ బాగా ఉంటే, ఐదున్నర అడుగుల దగ్గర ఆగొచ్చు.

ఒక జాగ్రత్త, బోర్డ్‌కి సంబంధం లేదు కానీ రాస్తున్నా. ముందుగానే లేచే బోర్డ్ ఉంది కదా అని ఆగస్టు, సెప్టెంబర్‌లో గేట్లు ఎత్తినప్పుడు నదిలోకి దిగొద్దు. గాలి ఆగితే నీటి ప్రవాహం మనల్ని తీసుకెళ్ళేది నేరుగా బ్యారేజీకి. 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి పడవలే కొట్టుకొచ్చి గేట్లని గుద్దాయి. లైఫ్ జాకెట్, కాలికి లీష్ (బోర్డ్‌కి కట్టే తాడు) ఎప్పుడూ ఉండాలి, పర్మిషన్ అడిగి దిగాలి.

ఎవరికి పనికొస్తుంది? పొట్టి బోర్డ్ మీద లేచి నాలుగు వైపులా తిరగడం వచ్చి, గాలి చాలక ఒడ్డున కూర్చునే రోజులు ఎక్కువైనవాళ్ళకి కళ్ళు మూసుకుని చెప్తా. ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళకి వద్దు, వాళ్ళకి ఒంటి బరువు మీద ఇంకో 30 లీటర్లు ఉన్న వెడల్పాటి బోర్డే సుఖం. జంప్‌లు కొట్టాలనుకునేవాళ్ళకీ వద్దు. డబ్బుల సంగతి, కంపెనీ మిడ్‌లెంగ్త్ షిప్పింగ్, కస్టమ్స్ కాకుండానే లక్ష దాటుద్ది, నాకు ట్రాకులు, ఎపాక్సీ, కూలీ అన్నీ కలిపి దాంట్లో సగం లోపే అయింది. 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటి బరువుకీ పెయింట్‌కీ కలిపి కోసేశా.

అట్ట టెంప్లేట్ షెడ్డులోనే గోడకి వేలాడుతోంది. ఎవరైనా దాని మీద చేయించుకుంటే, 65 కిలోల లోపు వాళ్ళైతే మందం అర అంగుళం తగ్గించమనండి, 90 దాటినవాళ్ళు వెడల్పు ఒక అంగుళం పెంచుకోండి, పొడుగు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ట్రాక్ గీత ఆ టెంప్లేట్ చూసి పెట్టొద్దు, కొలతలు మారితే అది కూడా జరుగుద్ది, మీ ఫోమ్‌ని మళ్ళీ పైపు మీద పెట్టించి చూసుకోండి.